రెండు హిజ్లీలు

ఖరగ్‌పూర్‌లో రైలెక్కి దక్షిణాదికి, అంటే స్వస్థలానికి, బయలుదేరే తెలుగువారికి ఊరు దాటీ దాటకముందే ఒక స్టేషను ఎదురవుతుంది. దాని పేరు హిజ్లీ. సామాన్లు సీటు కిందికి తోయడం, కిటికీ పక్క చోటుకోసం పిల్లల తగవు తీర్చడం పూర్తికాకముందే ఆ పేరుపలక వెనుకకు వెళ్ళిపోతుంది. ఇంజను దిశ మార్చే పని తప్పుతుందని కొన్ని దూరపు బండ్లను ఖరగ్‌పూర్‌కు రానీయకుండా ఇక్కడే ఆపి పంపుతున్నారు గనుక, ఇటీవల టిక్కెట్లమీద కూడా ఆ పేరు కనిపిస్తున్నది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలనుంచి తాతముత్తాతల నాడు బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చి స్థిరపడినవారి మనుమలకు హిజ్లీ అంటే ఆ స్టేషను, దాని చేరువనున్న ఐ.ఐ.టి. ఆవరణ. అంతే.

అసలు హిజ్లీ అది కాదు. అసలుది సముద్రపుటొడ్డున, రసూల్‌పూర్ నది హుగ్లీ ముఖద్వారంలో కలిసేచోట, ఖరగ్‌పూర్‌కు ఆగ్నేయంగా సూటిగా కొలిస్తే దాదాపు 80 కిలోమీటర్ల దూరాన ఉన్నది. ఒకప్పుడది దీవి, రేవు, కోట. ఇప్పుడు దీవి కాదు. చుట్టూ ఉన్న కాలువ ఒండ్రుతో పూడి నేలలో కలిసిపోయింది. ఓడలు రావు. కోట గోడలో ఒక్క ఇటుక చూపించి ఇదీ అని చెప్పగలవారు లేరు. పేరు మాత్రం మిగిలి, కోటే లేని రైలు ఊరి పొలిమేరలో మరొకసారి చరిత్రకెక్కింది.

విలాస నౌకల్లో తిరిగేవారికి పాత రేవుపట్టణాల కోటలు చూడడం సులభం. ఓడ ఉదయం ఒడ్డుకు చేరుతుంది, మార్గదర్శి గొడుగు ఎత్తి ముందు నడుస్తాడు, సాయంత్రానికి బురుజులు, ఫిరంగులు, సమాధులు అన్నీ ముగుస్తాయి. ఖరగ్‌పూర్ వాసికి ఆ భాగ్యం లేదు. అతడు బస్సు మారాలి, పడవ ఎక్కాలి, బురదలో నడవాలి. చేరినచోట కోట కనిపించకపోతే, ఎందుకు కనిపించలేదో తనకు తానే చెప్పుకోవాలి. కాని ఈ రెండవ విధమైన ప్రయాణంలోనే చరిత్ర ఎక్కువగా దొరుకుతుంది.

కోటలు చూడాలన్న ఉత్సాహం కలిగినవారు ముందుగా పోయేది కురుంబేరాకు. ఖరగ్‌పూర్‌కు నైరుతిగా ఇంచుమించు 30 కిలోమీటర్ల దూరంలో, కేశియాడికి దగ్గరగా గగనేశ్వర్ అనే పల్లె ఉన్నది. పల్లె చివర లేటరైట్ అనే ఎర్రరాతితో కట్టిన ఎత్తయిన చతురస్రపు ప్రాకారం కనబడగానే, 'ఇదే కోట' అని ఎవరైనా అంటారు. ఊరివారూ కోట అనే అంటారు. లోపలికి అడుగుపెడితే అనుమానం మొదలవుతుంది. అగడ్త లేదు, బురుజులు లేవు, సిపాయి తుపాకి ఆనించి నిలబడేందుకు రంధ్రమైనా లేదు. నాలుగువైపులా గోడను ఆనుకొని స్తంభాల వరుసతో విశాలమైన చావడి ఉన్నది. మధ్యనున్న ప్రాంగణంలో ఒకవైపు శివాలయపు పునాది, మరొకవైపు మూడు గుమ్మటాల కట్టడం. ఇది ఆలయ ప్రాంగణమేగాని దుర్గం కాదు. యాత్రికులు విడిసే చావడినే తరువాతివారు సిపాయిల చావడి అనుకున్నారు.

అయితే తెలుగు యాత్రికుడు ఇక్కడ నిరాశ పడనవసరం లేదు. ఈ ఆలయాన్ని ఒడిశా గజపతి కపిలేంద్రదేవుని కాలంలో కట్టారు. 1435 ప్రాంతంలో సింహాసనమెక్కిన ఈ కపిలేంద్రుడే తెలుగు సీమపై దండెత్తి రాజమహేంద్రవరాన్ని, 1454లో కొండవీటిని వశం చేసికొన్నాడు. ఉత్తరాన గంగానది మొదలు దక్షిణాన కృష్ణదాకా ఒకే ఏలుబడిలో నిలిచిన ఆ కొద్ది దశాబ్దాలలో, కురుంబేరా రాయి ఎత్తిన కూలికీ కొండవీటి మెట్టు తొక్కిన బంటుకూ ప్రభువు ఒక్కడే. తరువాత నాలుగున్నర శతాబ్దాలకు అదే తీరాన్ని ఆనుకొని రైలుపట్టాలు వేసినప్పుడు తెలుగువారు ఈ వైపుకు కొత్తగా వచ్చారనుకోవడం సగం నిజం మాత్రమే. ఇక ప్రాంగణంలోని గుమ్మటాల కట్టడం ఔరంగజేబు కాలంలో, 1691లో కట్టిన మసీదు. ఒకే ప్రాకారంలో పునాది ఒకరిది, గుమ్మటం మరొకరిది. రెండింటినీ ఇప్పుడు పురావస్తు శాఖవారి పచ్చిక సమానంగా చుట్టుకొని ఉన్నది.

కోట అన్నది కోట కాదని తేలిన పిమ్మట, కోట ఉన్నచోటికి పోవాలి. దక్షిణంగా బేల్దా, అక్కడినుంచి తూర్పుగా ఎగ్రా, కాంతి పట్టణాలు దాటి రసూల్‌పూర్ నది చేరవచ్చు. నది ఒడ్డు చేపల పడవలతో కిక్కిరిసి ఉంటుంది. ఆటుపోట్లకు ఇక్కడి నీరు ఒకపూట ఒడ్డు ఒరుసుకొని పారుతుంది, ఒకపూట బురద చూపిస్తుంది. రేవు పడవలో అవతలి గట్టుకు పోవడానికి ఎంతోసేపు పట్టదు. సైకిళ్ళు, బుట్టలు, బడిపిల్లలు, దర్గాకు మొక్కు చెల్లించబోయే కుటుంబాలు, అందరూ అందులోనే. ఖరగ్‌పూర్ వాసికి దక్కే నౌకావిహారం ఇదొక్కటే. కాని చరిత్ర తెలిసినవారికి ఇది ఓడ ప్రయాణంకంటె ఉత్కంఠ కలిగిస్తుంది. ఎందుచేతనంటే 1687 మే నెలాఖరులో మొగలు రౌతులు దాటింది ఈ నదినే, ఈ దిశలోనే.

ఆ కథ కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. 1686లో హుగ్లీ పట్టణంలో ఈస్టిండియా కంపెనీవారికి, బెంగాల్ నవాబు షాయిస్తాఖాన్ మనుషులకు ఘర్షణ జరిగింది. కంపెనీ కొఠీ పెద్ద జాబ్ చార్నాక్ ఓడలు తీసికొని నదివెంట దిగువకు జారుకొన్నాడు. మధ్యలో సుతానుటి అనే పల్లెలో కొన్నాళ్ళు ఆగాడు. అక్కడా నిలవలేక 1687 ఫిబ్రవరిలో హిజ్లీకి వచ్చాడు. దీవిలోని మొగలు అధికారి పోరాడకుండానే తొలగిపోయాడు. చార్నాక్‌కు దక్కిన దుర్గం ఎంతటిదంటే, ఒక చిన్న ఇల్లు, దానిచుట్టూ పలుచని గోడ, ఆ గోడకు రెండు మూడు చోట్ల కాపలా నిలిచే మూలలు. దానిలో నిలిచినవాడు తరువాత కలకత్తా నగరానికి నాంది పలికాడు గనుక దాన్ని కోట అంటున్నాముగాని, మన బొబ్బిలివారు చూస్తే నవ్వి ఊరుకొనేవారు.

మొగలులు వెంటనే రాలేదు. తొందర పడనక్కరలేదని వారికి తెలుసు. హిజ్లీలో నీళ్ళు ఉప్పన, నేల చిత్తడి, దోమలు అపారం. హిజ్లీకి పోవడం ఒక మాట, ప్రాణంతో తిరిగి రావడం మరొక మాట అని ఆ రోజుల్లో అనేవారట. వేసవి ముదిరేసరికి జ్వరాలు పట్టుకొన్నాయి. ఇంగ్లీషువారు ఇన్నూరుమందిని ఆ దీవిలోనే పూడ్చుకొన్నారు. ఆయుధం పట్టి నిలువగలవారు సుమారు నూరుమంది మిగిలారు. మే మధ్యలో అబ్దుస్ సమద్ 12,000 సైన్యంతో వచ్చి నది అవతల, అంటే కాంతివైపు గట్టున, దిగి ఫిరంగులు మోహరించాడు. నెలాఖరున అతని రౌతులు నది దాటి దీవిలోకి దిగి, ఊరు పట్టుకొని నిప్పంటించారు. కోట మాత్రం చీకటి పడేవరకు ఎలాగో నిలిచింది. రోగులు పాకల్లో పడి ఉన్నారు. ఓడలలో కొన్ని బాగుచేస్తేగాని కదలవు. ఇంకొక దాడి జరిగితే కథ ముగిసినట్లే.

జూన్ 1న కెప్టెన్ డెన్‌హామ్ అనేవాడు 70 మంది కొత్త మనుషులతో ఓడ దిగాడు. పన్నెండు వేలకు ఎదురుగా డెబ్బయి! కాని చార్నాక్ వారిని సైనికులుగాకాక నటులుగా ఎక్కువ వాడుకొన్నాడు. నావికులను ఒకరిద్దరిగా, ఎవరి కంటా పడకుండా తిరిగి ఓడరేవుకు పంపేవాడు. అక్కడ వారు గుమిగూడి జెండాలెత్తి, తప్పెటలు మోగించి, కేకలు వేస్తూ కోటవైపు కవాతు చేసేవారు. మళ్ళీ ఒకరిద్దరిగా రేవుకు, మళ్ళీ కవాతు. అవతలి గట్టునుంచి చూసేవారికి రోజూ కొత్త పటాలం దిగుతున్నట్లే కనబడింది. మన పల్లెల్లో వీధినాటకంవారు నలుగురు మనుషులతో కురుక్షేత్ర సైన్యం చూపించే పద్ధతి ఇదే. తెర వెనుక తిరిగి మళ్ళీ రంగం ఎక్కడమే.

జూన్ 4న అబ్దుస్ సమద్ సంధి కబురు పంపాడు. వారంలోగా షరతులు కుదిరాయి. పలుచని గోడల ఆ ఇంటినుంచి చావగా మిగిలిన రోగులు తప్పెటలు మోగించుకొంటూ, జెండాలెత్తుకొని బయటికి నడిచారు. మూడేళ్ళ తరువాత, 1690 ఆగస్టు 24న, చార్నాక్ వెనుక విడిచిన సుతానుటిలోనే మళ్ళీ దిగాడు. దాని చుట్టూ పెరిగిందే కలకత్తా. హిజ్లీలో ఆ వారం రోజుల నాటకం రక్తికట్టకపోతే హుగ్లీ తీరాన మహానగరం వేరే చోట, వేరే చేతులలో వెలిసి ఉండేదేమో. ఇంత పెద్ద పర్యవసానానికి నెలవైన కోట ఆనవాలు కోసం ఇప్పుడు హిజ్లీలో వెదికితే కనిపించేవి సరుగుడు తోపులు, వెనుదిరిగిన సముద్రం విడిచిన బురదమేట, మస్‌నద్-ఇ-ఆలా దర్గా. చార్నాక్‌కు ముందే ఈ సీమను ఏలిన తాజ్‌ఖాన్ బిరుదు అది. ఉన్నతాసనమని అర్థం. కొఠీవాడి కోట పోయింది, మొగలు శిబిరం పోయింది. ఇద్దరికంటె పాతవాడైన తాజ్‌ఖాన్ పేరిట హిందువులూ ముసల్మానులూ ఈనాటికీ మొక్కులు తెచ్చుకొంటున్నారు.

హిజ్లీకి ఎగువన అదే గట్టుమీద ఖెజురీ ఉన్నది. పాత ఇంగ్లీషు కాగితాలలో ఈ ఊరిపేరును 'కెడ్జెరీ' అని రాసేవారు. కిచిడీకి దొరలు పెట్టుకొన్న అక్షరాలూ అవే. అందుచేత నిఘంటువు పట్టుకొని అనువాదం చేయబోయేవాడు 'ఓడ కిచిడీలో లంగరు వేసింది' అని రాసే ప్రమాదం లేకపోలేదు. హిజ్లీ పూడిన పిమ్మట పెద్ద ఓడలు ఇక్కడే ఆగేవి. కలకత్తా ఉత్తరాలు ఇక్కడే ఓడ ఎక్కేవి, దిగేవి. 1850ల ఆరంభంలో దేశంలో మొట్టమొదట తంతితీగ సాగిన దారిలో ఖెజురీ ఒకటి. రాజా రామమోహన రాయలు 1830 నవంబరులో ఇంగ్లండుకు బయలుదేరింది ఈ నీటిమీదనే. అప్పటికి డెబ్బయి ఏళ్ళకు పైగా వెనుక, 1758లో, క్లైవ్ పంపిన కర్నల్ ఫోర్డ్ సేన కలకత్తాలో ఓడలెక్కి ఈ ఖెజురీ, హిజ్లీల ముందుగానే సముద్రంలోకి సాగి విశాఖపట్నంలో దిగింది. పిలిచినవాడు విజయనగరం ప్రభువు పూసపాటి ఆనంద గజపతి. ఆ డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారు ఓడారు. 1759 ఏప్రిల్ 8 తెల్లవారేసరికి బందరు కోట ఫోర్డ్ చేతికి వచ్చింది.

బందరు కోటది కూడా సరిగా హిజ్లీ బాణీయే. ఫోర్డ్ దగ్గర మందుగుండు అయిపోవచ్చింది. వెనుకనుంచి నిజాం సలాబత్‌జంగ్ సైన్యం కదలివస్తున్నది. కోటకు ఒకవైపు ఊబి. ఎవరూ దాటలేరని లోపలివారి ధీమా. రాత్రివేళ ఆ ఊబివైపునుంచి కెప్టెన్ నాక్స్ కొద్ది సిపాయిలతో ఉత్తుత్తి దాడి చేసి గగ్గోలు పుట్టిస్తే, అసలు దాడి వేరొకవైపున సాగింది. తెల్లవారి లెక్కచూస్తే పట్టుబడినవారు పట్టుకొన్నవారికంటె ఎక్కువ. గోడలు బలంగా ఉన్న బందరు ఒక్క రాత్రిలో లొంగింది, గోడలే లేవనదగిన హిజ్లీ నిలిచింది. రెండుచోట్లా గెలిచింది మోసమే, మర్యాదగా చెప్పాలంటే యుక్తి.

ఈ రెండు రేవుల అంతం కూడా ఒకే ఋతువులో రాసిపెట్టి ఉన్నది. 1864 అక్టోబరు 5న బంగాళాఖాతంనుంచి వచ్చిన గాలివాన హుగ్లీ ముఖద్వారంలోకి సముద్రాన్ని తోసింది. ఖెజురీ మునిగింది. ఆ ఉప్పెనలో కలకత్తావరకు పోయిన ప్రాణాలు అరవై వేలని అంచనా. సరిగా ఇరవై ఏడు రోజులకు, నవంబరు 1 రాత్రి, అదే సముద్రం బందరుమీదికి వచ్చింది. ముప్ఫై వేలమంది పోయారు. మరుసటి ఏడు బందరు కోటలోని సైన్యాన్ని ఎత్తివేశారు. ఖెజురీ రేవు కూడా ఆ దెబ్బనుంచి తేరుకోలేదు. బందరు కోటలో నేటికీ గంటగోపురం, ఆయుధాగారం శిథిలాలు నిలిచి ఉన్నాయి. ఖెజురీలో పాత తపాలా కచేరీ మొండిగోడ, దొరల సమాధులు మిగిలాయి. శత్రువుకు లొంగిన కోట మరొకరి కోటగా బ్రతుకుతుంది. ఉప్పెన పడగొట్టినదానిని మాత్రం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మరి రైలు ఊరి హిజ్లీ మాటేమిటి? పూర్వం హిజ్లీ ఒక రేవు పేరే కాదు, తీరం పొడుగునా ఉప్పు పండించిన ఒక సీమకే పేరు. ఖరగ్‌పూర్ పొలిమేరలోని హిజ్లీలో ఎత్తయిన గోపురంతో, పొడవైన వరండాలతో ఒక పెద్ద భవనం ఉన్నది. చూపుకు అది జిల్లా కచేరీవలె ఉంటుందేగాని భయం గొల్పదు. 1930లో ప్రభుత్వం దానిని విచారణ లేకుండా నిర్బంధించిన రాజకీయ ఖైదీల శిబిరంగా మార్చింది. ఇంతదూరం వెదికిన కోట, అంటే లోపలివారు బయటికి పోకుండా, బయటివారు లోపలికి రాకుండా కాపలా కాసే కట్టడం, చివరికి కనబడేది ఇక్కడ.

1931 సెప్టెంబరు 16 రాత్రి కాపలాదారులు నిరాయుధులైన ఖైదీలమీద కాల్పులు జరిపారు. సంతోష్‌కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించారు. అనేకులు గాయపడ్డారు. మృతదేహాలకోసం సుభాష్ చంద్రబోసు వచ్చాడు. అప్పటికి డెబ్బయ్యేళ్ళ వృద్ధుడైన రవీంద్రనాథ ఠాకూరు, ఆరోగ్యం అంతంతమాత్రమైనా, సెప్టెంబరు 26న కలకత్తా మైదానంలో జరిగిన నిరసన సభలో అధ్యక్షత వహించి మాట్లాడాడు. ఆ రాత్రి హిజ్లీలో తుపాకి చప్పుడు వినపడే దూరంలోనే రైల్వే వారి వాడలు ఉన్నాయి. అప్పటికే అక్కడ తెలుగు కుటుంబాలు ఒక తరం గడిపాయి. నాలుగేళ్ళ కిందట, 1927లో, జీతాలకోసం, ఉద్యోగాలకోసం సమ్మె చేసి లాఠీలు చూసినవారు కూడా వారిలో ఉన్నారు. వరహగిరి వెంకటగిరి, తరువాత రాష్ట్రపతి అయిన మన వి.వి. గిరి, బి.ఎన్.ఆర్. కార్మికులకు నాయకుడుగా నిలిచినది ఆ రోజుల్లోనే. చార్నాక్ కోటను గుర్తుంచుకోకపోయినా ఫరవాలేదుగాని, ఈ కోటను ఖరగ్‌పూర్ తెలుగు పిల్లలు స్టేషను పేరుగా మాత్రమే ఎరగడం బాగుండదు.

శిబిరం 1942లో మూతపడింది. యుద్ధకాలంలో, 1944లో, అమెరికా వైమానిక దళపు ఇరవయ్యవ బాంబర్ కమాండ్ ఖరగ్‌పూర్‌ను కేంద్రం చేసికొన్నది. చుట్టుపక్కల విమానస్థలాలనుంచి బి-29లు లేచి జూన్ 5న బాంకాక్ మీద తొలి దాడి చేశాయి. స్వాతంత్ర్యం వచ్చిన పిమ్మట దేశంలోని మొదటి ఐ.ఐ.టి.కి చోటు వెదికినప్పుడు మళ్ళీ ఈ భవనమే దొరికింది. 1951 ఆగస్టు 18న మౌలానా ఆజాద్ దానిని ప్రారంభించాడు. 224 మంది విద్యార్థులు, 42 మంది ఉపాధ్యాయులు. తరగతులు, ప్రయోగశాలలు, కార్యాలయం అన్నీ ఖైదీలుండిన గదుల్లోనే. 1956లో మొదటి స్నాతకోత్సవానికి వచ్చిన నెహ్రూ తన ప్రసంగంలో ఆ పాత శిబిరాన్ని మరచిపోలేదు. ఇప్పుడు ఆ భవనం హిజ్లీ షహీద్ భవన్. అందులో నెహ్రూ పేరిట శాస్త్ర సాంకేతిక ప్రదర్శనశాల ఉన్నది.

వెళ్ళదలచినవారికి ఒక సూచన. మూడింటినీ ఒక్కరోజులో చుట్టబోవడం దండగ. కురుంబేరాకు ఒక పూట చాలు. ఎర్రరాయి ఎండకు పెనంవలె కాలుతుంది గనుక ఉదయమే పోవడం మేలు. హిజ్లీ, ఖెజురీలకు ఒక పూర్తి రోజు ఉంచుకోవాలి. రాత్రి కాంతిలో విడిది చేస్తే మరీ మంచిది. వానకాలం వద్దు, పడవ సాగినా గట్టుమీద కాలు సాగదు. దసరా దాటిన తరువాత, గాలివానల భయం తీరి చలిగాలి మొదలయ్యే వేళ అనువైనది. షహీద్ భవన్‌ను మాత్రం ఆఖరున చూడాలి. రసూల్‌పూర్ బురద చెప్పులకు ఇంకా అంటుకొని ఉండగానే అయితే మరీ బాగుంటుంది. ఖరగ్‌పూర్ స్టేషను నుంచి అక్కడికి రిక్షాలో పోవచ్చు.